జోడెఘాట్ పున్నమి: మన జ్ఞాపకం ఎవరి మాటల్లో ఉంది?

కుమ్రం భీము ఏ రోజు చనిపోయాడు? పుస్తకాల్లో వెతికితే ఈ ప్రశ్నకు మూడు నాలుగు జవాబులు దొరుకుతాయి. 1940 సెప్టెంబర్ 1 అని కొందరు రాశారు. అక్టోబర్ 8 అని కొందరు, అక్టోబర్ 27 అని ఇంకొందరు. పోటీ పరీక్షలకు చదివే మన పిల్లలు ఏ గైడు కొంటే ఆ గైడులోని తేదీనే బట్టీ పడతారు. కెరమెరి మండలం జోడెఘాట్ చుట్టుపక్కల గూడేల్లో అడిగితే మాత్రం ఒకటే మాట వినిపిస్తుంది: ఆశ్వయుజ పున్నమి. దండారి ఎత్తుకునే ముందు వచ్చే పున్నమి. ఏటా జనం అక్కడ చేరేది ఆ రోజుకే. సర్కారు వర్ధంతి జరిపి దర్బార్ పెట్టేది కూడా ఆ రోజే.

ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఏడో తరగతి పిల్లలు కూడా వేయగల లెక్క ఇది. 1940 అక్టోబర్ 1న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. మన దేశంలో కనబడలేదు, కానీ ఖగోళ పట్టికల్లో ఉంది. సూర్యగ్రహణం అమావాస్య నాడే పడుతుంది కాబట్టి ఆ రోజుతో భాద్రపదం ముగిసింది, ఆశ్వయుజం మొదలైంది. అక్కడి నుంచి పదిహేను రోజులు ముందుకు వెళ్తే పున్నమి అక్టోబర్ 16న వస్తుంది. ఒక నెల వెనక్కి వెళ్తే సెప్టెంబర్ 1, 2 తేదీల్లో అమావాస్య. అది మామూలు అమావాస్య కాదు, పొలాల అమావాస్య. మన ఇళ్లలో ఎద్దులను కడిగి, అలంకరించి, పూజించే పండుగ. భీము ఆ రోజు చనిపోయి ఉంటే జనం 'పోలా నాడు పోయాడు' అని చెప్పుకునేవారు, పున్నమి మాట ఎత్తేవారు కాదు. అక్టోబర్ 8 అయితే పున్నమికి ఇంకా వారం ఉంది. అక్టోబర్ 27 నాటికి దీపావళి ముందరి చీకటి రోజులు వచ్చేశాయి. అచ్చయిన ఈ మూడు తేదీల్లో ఏదీ పున్నమి కాదు.

దీన్నిబట్టి ఊరి మాటంతా నిజమనీ అచ్చు మాటంతా అబద్ధమనీ నేను చెప్పడం లేదు. జ్ఞాపకం పండుగ వైపు జరుగుతుంది. పండుగకు నాలుగు రోజులు అటూ ఇటూ జరిగిన సంగతిని జనం పండుగ నాడే జరిగిందని చెప్పుకుంటారు. అది అందరూ చేసే పనే. నిజాం సర్కారు కాగితాలు ఫస్లీ లెక్కలో నడిచేవి. నెలల పేర్లు ఆజూర్, దై, బహ్మన్. ఆ లెక్కలోంచి ఇంగ్లిష్ తేదీలోకి మార్చేటప్పుడు పొరపాటు దొర్లడం ఎంతసేపు? అయినా నేను పున్నమి వైపే మొగ్గుతాను. తేదీ గుర్తుండడానికి కేలండరు కావాలి. వెన్నెల గుర్తుండడానికి ఏమీ అక్కర్లేదు. కాల్పులు విని గుట్టల్లోకి పరుగెత్తిన మనిషికి ఆ రాత్రి దారి కనబడిందో లేదో గుర్తుండకుండా ఎలా ఉంటుంది?

ఇక్కడ నన్ను కలవరపెట్టేది తేదీ తేడా ఒక్కటే కాదు. మన గూడెం పిల్లవాడు ఇంట్లో పున్నమి మాట వింటాడు, పరీక్షలో సెప్టెంబర్ 1 అని రాస్తాడు. రెంటికీ పొత్తు కుదరదన్న సంగతి అతనికి తట్టదు. కొన్నేళ్లకు ఇంటి మాట జారిపోతుంది. మార్కులు తెచ్చిన మాట నిలుస్తుంది.

జోడెఘాట్‌లో జరిగింది మనందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. నిజాం సర్కారు అడవిని రిజర్వు చేసింది. పోడు మీద కేసులు, పశువుల మేత మీద బంచెరాయి వచ్చిపడ్డాయి. సాగు మనది, పట్టా బయటి నుంచి వచ్చినవాడిది. బాబేఝరి, జోడెఘాట్ గుట్టల్లో ఊళ్లు కట్టుకున్నవాళ్లను అటవీశాఖ వెళ్లగొట్టబోయింది. అర్జీలు హైదరాబాద్ దాకా వెళ్లినా ఫలితం లేకపోయింది. ఆఖరికి సాయుధ పోలీసులు వచ్చారు. భీము, అతనితో ఉన్న కొందరు ఆ కాల్పుల్లో చనిపోయారు.

ఆ తర్వాత ఈ కథను ఎవరెవరు చెప్పారో వరసగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చెప్పిన ప్రతివాళ్లూ తమకు కావలసింది కలుపుకున్నారు, తమకు అర్థం కానిది వదిలేశారు. అందరూ చెడ్డవాళ్లని కాదు, ఎక్కువమంది మన మేలు కోరినవాళ్లే.

మొదట వచ్చినవారు హైమండార్ఫ్. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు పట్టింది, ఈ ఆస్ట్రియా పండితునికి ఆ పని అప్పజెప్పింది. ఆయన మార్లవాయిలో మన మధ్యనే ఉండి, అసలు కారణం భూమి, అడవి అని తేల్చి రాశారు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలవడానికి ఆయనే కారణం. 1946లో వచ్చిన ట్రైబల్ ఏరియాస్ రెగ్యులేషన్ వెనక కూడా ఆయన రాసిన నివేదికలున్నాయి. ఆయన్నూ ఆయన భార్య బెట్టీనీ మార్లవాయి ఇప్పటికీ సొంత మనుషులుగా తలుచుకుంటుంది. అందులో తప్పు లేదు. కానీ ఆయన రాసినవి చదువుతుంటే మనం మోసపోయిన అమాయకులం, సర్కారు రక్షణ అవసరమైన జనం. సర్కారుకు సలహా ఇచ్చే మనిషి సర్కారు వినగలిగేలా రాశారు. భీము అందులో ఒక అధ్యాయంలో కొంత భాగం మాత్రమే.

1983లో అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన నవల వచ్చింది. వాళ్లు గూడేలు తిరిగి, పెద్దలను అడిగి రాశారు. ఈనాడు మనకు తెలిసిన భీము జీవితం చాలావరకు ఆ నవల వేసిన దారిలోనే నడుస్తుంది. సభలో మాట్లాడేవాళ్లు, బుర్రకథ చెప్పేవాళ్లు, పాఠం రాసేవాళ్లు తెలిసో తెలియకో దాన్నుంచే తీసుకుంటారు. ఆ నవల లేకుంటే భీము పేరు కెరమెరి గుట్టలు దాటేది కాదు. అయితే అది నవల. అందులో భీము ఆ కాలపు రచయితలు కలగన్న పోరాట నాయకుడు కూడా. ఏ మాట కుమ్రం సూరు లాంటి సహచరులు చెప్పింది, ఏ మాట రచయితల కల్పన అన్నది ఇప్పుడు విడదీయడం కష్టం. నలభై ఏళ్లలో రెండూ కలిసిపోయాయి.

తెలంగాణ ఉద్యమానికి ఒక వీరుడు అవసరమయ్యాడు. 2012లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద భీము విగ్రహం నిలబడింది. 2016లో ఆసిఫాబాద్ జిల్లాకు ఆయన పేరు వచ్చింది, జోడెఘాట్‌లో మ్యూజియం వచ్చింది. అవి మనకు దక్కిన గౌరవాలే. భీము అడిగినవి మాత్రం మేత, చేను, గూడెంలో తన మాట చెల్లడం.

ఆ తర్వాత ఆర్‌ఆర్‌ఆర్ సినిమా. అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన 'కొమురం భీం' సినిమా థియేటర్లకు రావడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. 2022లో వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ ప్రపంచమంతా ఆడింది. అది కల్పితం అని తీసినవాళ్లే చెప్పారు. భీము, అల్లూరి సీతారామరాజు ఎన్నడూ కలిసింది లేదు. భీము పోరాడింది నిజాం యంత్రాంగంతో. సినిమాలో అతను ఢిల్లీలో తెల్లదొరతో పోరాడతాడు. ఇవన్నీ అందరికీ కనబడే మార్పులే. నాకు ఎక్కువ గుచ్చుకున్నది చివరి ఘట్టం. ఏం కావాలో కోరుకోమంటే భీము చదువు అడుగుతాడు. జెండా మీద జల్, జంగల్, జమీన్ అన్న మాటలు రామరాజు రాస్తాడు. ఊళ్లో చెప్పుకునే కథలో భీము చాందా వైపు వెళ్లి అక్కడ చదవడం, రాయడం నేర్చుకుని వచ్చినవాడు. అర్జీ అంటే ఏమిటో తెలిసినవాడు. సినిమాలో అతని చేతిలోని పలక తీసి ఇంకొకరి చేతిలో పెట్టారు. చప్పట్లు కొట్టినవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు.

2020 అక్టోబర్‌లో ఆ సినిమా టీజర్ వచ్చినప్పుడు భీము తలమీద టోపీ చూసి ఆదిలాబాద్ నుంచే అభ్యంతరం లేచింది. కొన్నాళ్లు టీవీల్లో టోపీ గురించే వాదన నడిచింది. ఒక పక్షానికి భీము మతవీరుడు కావాలి, ఇంకో పక్షానికి కాకూడదు. బంచెరాయి అన్న మాట ఆ వాదనల్లో ఒక్కరి నోటా రాలేదు.

ఇప్పుడు మన టీచర్లకు పనికొచ్చే ఒక సంగతి చెప్పాలి. టీచర్ ట్రైనింగులో మనోవిజ్ఞానం చదివినప్పుడు బార్ట్‌లెట్ పేరు విన్నాం. కేంబ్రిడ్జిలో ఆయన చేసిన ప్రయోగం 1932లో పుస్తకంగా వచ్చింది. మనుషులకు ఒక కథ చదవమని ఇచ్చి, కొంతకాలం తర్వాత మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ మళ్లీ చెప్పేకొద్దీ కథ చిన్నదైంది. చెట్టు తొలిచి చేసిన దొన్నె మామూలు పడవ అయింది. సీల్ అనే సముద్రజంతువు వేట చేపలు పట్టడంగా మారింది. కథకు ప్రాణమైన దయ్యాలు చాలామంది జ్ఞాపకంలో జారిపోయాయి, లేదా వేరే అర్థం తెచ్చుకున్నాయి. మనిషి గుర్తు చేసుకునేటప్పుడు తన అలవాటుకు సరిపడేలా కథను దిద్దుకుంటాడని ఆయన తేల్చారు. ఇంతవరకు గైడులో ఉంది, పరీక్షలో రాశాం.

గైడులో లేనిది ఒకటుంది. ఆ కథ అమెరికా పడమటి తీరంలో కొలంబియా నది దగ్గర బతికిన కథ్లమెట్ ఆదివాసులది. చార్లెస్ కల్టీ అనే మనిషి తన భాషలో చెబితే ఫ్రాంజ్ బోయాస్ రాసుకున్నారు. అంటే ఇంగ్లండు చదువరులు ఆదివాసుల కథను చదివి, తమకు అంతుబట్టని దయ్యాలను తీసేసి, తమకు తెలిసిన పడవను పెట్టుకున్నారు. ప్రపంచంలో జ్ఞాపకం గురించి చెప్పే పాఠాలన్నిటిలో ఈ ప్రయోగం ఉంటుంది. కథ చెప్పిన జనం పేరు చాలా పాఠాల్లో ఉండదు. జోడెఘాట్ కథకు జరిగింది అచ్చం ఇదే. మన పెన్‌లు, మన సగాలు, మన పటేల్ పంచాయతీ బయటివాళ్లకు దయ్యాల లాంటివి. మొదట జారిపోయేవి అవే.

ఒక చిన్న మాటతోనే ఎంత మారిపోతుందో చూడండి. చాలా గైడుల్లో భీము 'గోండు, కోయ యువకులతో' సైన్యం కట్టాడని ఉంటుంది. కెరమెరి గుట్టల్లో మన పక్కన ఉన్నది కోలాంలు. కోయలు ఎక్కువగా గోదావరి వెంట, దిగువన ఉంటారు. మరి ఈ కోయలు ఎక్కడి నుంచి వచ్చారు? గోండు అన్నది ఇతరులు పెట్టిన పేరు. మనల్ని మనం కోయితూర్ అనుకుంటాం. ఎవరో మన నోట ఆ మాట విని దాన్ని ఇంకో తెగ పేరుగా రాసి ఉంటారని నా అనుమానం. ఏదైతేనేం, ఒకే జనం రెండు తెగలైంది, నిజంగా పక్కన నిలబడిన కోలాంలు మాయమయ్యారు. దీన్ని బయటివాళ్ల మీదికే తోసేస్తే సరిపోదు. పున్నమి నాటి వేదిక మీద మన నాయకులు కూడా గోండు వీరుడు, గోండు వీరుడు అనే అంటారు. కోలాం పిల్లలు కింద కూర్చుని వింటారు.

నినాదం సంగతీ అంతే. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటల్లో ఒక్కటి కూడా గోండి మాట కాదు. జార్ఖండ్ నుంచి ఛత్తీస్‌గఢ్ దాకా ఆదివాసులందరినీ కలిపే నినాదం అది. దాన్ని నేను తక్కువ చేయను, నేనూ ఆ నినాదం ఇచ్చినవాణ్నే. కానీ భీము తన గూడెం వాళ్లతో గోండిలో ఏమన్నాడు? ఆ మాట మనకు ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

మన జ్ఞాపకం బయటివాళ్లు ముట్టుకోనంతవరకు మచ్చలేనిదని కూడా అనుకోవద్దు. మన కులకథలు పర్ధాన్‌ల నోట బతికాయి. కిక్రి పట్టుకుని పర్ధాన్ కథ చెప్పేది తనను పోషించే గోండు ఇళ్ల ముందు. పోషించే ఇంటి పెద్దలకు నచ్చని సంగతి ఆ కథలో ఎంతవరకు నిలుస్తుందో ఎవరైనా ఊహించవచ్చు. కాకపోతే అక్కడ ఒక కాపలా ఉంది. వినేవాళ్లకు కథ ముందే తెలుసు. తప్పు చెబితే ముసలివాళ్లు అక్కడికక్కడే ఆపుతారు. సినిమా హాల్లో ఆపేవాళ్లు ఎవరు?

జ్ఞాపకాన్ని మార్చడానికి ఇంకో దారి ఉంది, కలపడమూ తీసేయడమూ రెండూ అక్కర్లేనిది. అది గుర్తు చేసుకోనివ్వకపోవడం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన మనవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. జనం చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. తర్వాత కట్టిన స్తూపాన్ని ఎవరో కూల్చేశారు, మళ్లీ కట్టాల్సి వచ్చింది. దశాబ్దాల పాటు ఏటా ఏప్రిల్ 20న అక్కడ ఆంక్షలు పెట్టి జనాన్ని రానివ్వలేదు. సంవత్సరీకం చేసుకోలేని చావు ఇంట్లో గుసగుసగా మారుతుంది. అందరూ ఒకచోట కూర్చుని 'మా ఊరి నుంచి ఫలానావాడు', 'మా ఇంటి నుంచి ఫలానావాడు' అని చెప్పుకుని ఉంటే అప్పుడే లెక్క తేలేది. కూర్చోనివ్వకపోతే ఎవరి అంకె వారి దగ్గరే మిగిలిపోతుంది. ఆ తర్వాత 'మీలో మీకే లెక్క కుదరదు' అనడం తేలిక. ఇటీవల ఆంక్షలు సడలాయి, సర్కారే స్మృతివనం అంటోంది. కానీ ఆనాడు అక్కడ ఉన్నవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు.

అందుకే ఉన్నవాళ్లను అడిగే పద్ధతి గురించి రెండు మాటలు. అడిగే తీరే జ్ఞాపకాన్ని మారుస్తుంది. 1974లో లోఫ్టస్, పామర్ అనే పరిశోధకులు కొందరికి కార్ల ప్రమాదం ఫిల్ము చూపించారు. కార్లు 'తగిలినప్పుడు' ఎంత వేగంతో ఉన్నాయని కొందరిని అడిగితే సగటున గంటకు 34 మైళ్లన్నారు. అవే కార్లు 'గుద్దుకుని నుజ్జయినప్పుడు' ఎంత వేగంతో ఉన్నాయని అడిగితే దాదాపు 41 అన్నారు. వారం తర్వాత, పగిలిన అద్దం చూశారా అని అడిగితే తగిలిన మాట విన్నవాళ్లకంటే నుజ్జయిన మాట విన్నవాళ్లలో ఎక్కువమంది చూశామన్నారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు.

పున్నమి నాడు మైకు పట్టుకుని వచ్చేవాళ్లు మన పెద్దలను ఏమడుగుతారో విన్నారు కదా. 'భీము నిజాంను ఎలా గడగడలాడించాడు?' ముసలాయన ఏం చెప్తాడు? గడగడలాడించాడనే చెప్తాడు. ఇంటికి వచ్చినవాళ్లను ఒట్టి చేతులతో పంపడం మన పద్ధతి కాదు. మూడేళ్లు అదే ప్రశ్న అడిగితే నాలుగో ఏడు అడగకముందే అదే జవాబు వస్తుంది, అది ఆయన సొంత జ్ఞాపకంగానే వస్తుంది. పైగా ప్రశ్న తెలుగులో. గోండిలో ఆలోచించే మనిషి తెలుగులో తనకు వచ్చిన పది మాటలతో జవాబు కుదించుకుంటాడు. మిగిలింది లోపలే ఉండిపోతుంది.

మనం అడిగితే గోండిలోనే అడుగుదాం, కోలాం గూడెంలో కొలామిలో. భీము పేరు మొదట మనం ఎత్తకూడదు. ఆ ఏడు జొన్న ఎలా పండింది, పశువులను ఎటు తోలేవారు, జంగ్లాత్ వాళ్లు వస్తే ఇంట్లో ఏం దాచేవారు అని మొదలుపెడితే, రావలసిన మాట దానంతట అదే వస్తుంది. రాకపోతే అదీ రాసుకోవాలి. తాము చూసింది, తల్లిదండ్రులు చెప్పగా విన్నది, సభలో విన్నది విడివిడిగా రాయాలి. సినిమాలో చూసింది కూడా రాయండి, పక్కన సినిమా అని గుర్తు పెట్టి. ఇద్దరు ముసలివాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టి అడిగితే గట్టిగా మాట్లాడేవారి జ్ఞాపకమే ఇద్దరిదీ అయిపోతుంది. వేరువేరుగా అడగడం మంచిది. రాసింది ఆ ఇంటివాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించాకే బయటికి తీసుకురావాలి.

ముఖ్యంగా అడగాల్సింది పేర్లు. భీముతో పాటు చనిపోయినవాళ్లు ఎందరన్నది పుస్తకానికో రకంగా ఉంది. ఆ రాత్రి గుట్టల్లో ఉన్నవాళ్లు ఏ ఊరివాళ్లు, ఏ పాడివాళ్లు, గోండులెందరు, కోలాంలెందరు, వాళ్ల ఆడవాళ్లు తర్వాత ఎక్కడ బతికారు? మన పిల్లల పాఠాల్లో ఇవేవీ లేవు. పేర్లు రాసేటప్పుడు ఇంట్లో పలికినట్టే రాయండి. భీము ఇంటిపేరునే కొమరం, కొమురం, కుమురం అని అచ్చులో తలో రకంగా చేశారు. గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్ కూడా వచ్చింది కాబట్టి, చదవగలిగినవాళ్లు ఆ పేర్లను మన లిపిలో కూడా రాస్తే ఇంకా మంచిది.

1940లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు తొంభై దాటారు. చాలా గూడేల్లో ఒకరో ఇద్దరో మిగిలారు. ఈ పున్నమికి జోడెఘాట్ వచ్చే టీచర్లు ముందే మాట్లాడుకుని, పట్నాపూర్‌కు ఒకరు, బాబేఝరికి ఒకరు, టోకెన్‌మోవాడ్‌కు ఒకరు అని గూడేలు పంచుకుంటే, అందరం వెళ్లి ఒకే ముసలమ్మను విసిగించకుండా ఉంటాం.